ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2 చదువు: ఓపిక, ఏకాగ్రత ఎలా నిలబెట్టుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. ప్రైవేటు ఉద్యోగం, ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో, ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే గ్రూప్-2 పరీక్షకి చదవాలని కూర్చుంటే పది నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. మధ్యాహ్నం ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఉదయం ఐదింటికి పెట్టుకున్న అలారం రోజూ ఆపేసి పడుకుంటున్నారు. "నాకు క్రమశిక్షణ లేదా? అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగి, చివర్లో ఏదైనా మంచి యాప్ చెప్పమన్నారు.

క్రమశిక్షణ సంగతి కాసేపు పక్కన పెట్టండి. నేనూ హైదరాబాదులో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటూనే ఈ పరీక్షకి చదివాను. నాతోపాటు చదివి చివరిదాకా నిలబడ్డవాళ్లు మహా మొండివాళ్లేమీ కాదు. రోజులో తమకి ఏ గంట బాగుంటుందో కనిపెట్టి, ఆ గంటని ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నవాళ్లు. ఓపిక లేని గంటల్లో ఓపిక అక్కర్లేని పని పెట్టుకున్నారు. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, రెండు మూడు గంటలకొకసారి "చురుగ్గా ఉంది", "పర్వాలేదు", "నీరసం" అని ఒక్క మాట రాయండి, టైముతో సహా. చాలామందికి నిద్ర లేచిన కాసేపటి నుంచి రెండు మూడు గంటలు బాగుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపు ఒకసారి హుషారు పడిపోతుంది. ఇది అన్నం వల్ల మాత్రమే వచ్చేది కాదు, శరీరం లోపలి గడియారంలోనే ఉంది, భోజనం మానేసినా కొంత వస్తుంది. కాబట్టి మధ్యాహ్నం నిద్ర వస్తోందని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. సాయంత్రం మళ్లీ కాస్త తేరుకుంటాం. ఆ టైముకి మీరు మెట్రోలో నిలబడి ఉంటారు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ ఐదు గంటల అలారం. రాత్రి పన్నెండున్నరకి పడుకుని ఐదింటికి లేస్తే నాలుగున్నర గంటల నిద్ర. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి. పైగా పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర తగ్గించి చదవడమంటే ఒక చేత్తో రాస్తూ ఇంకో చేత్తో చెరిపేయడమే. కాబట్టి లేచే టైముతో మొదలుపెట్టకండి, పడుకునే టైముతో మొదలుపెట్టండి. పడుకోవడం పావుగంట ముందుకి జరపండి, అది అలవాటయ్యాక ఇంకో పావుగంట. నేను ఐదింటి జోలికి పోలేదు. ఆరింటికి లేచేవాణ్ని, ఆదివారమైనా అదే. ఆదివారం పదింటిదాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం మొత్తం దాని బాకీ తీర్చడానికే సరిపోతుంది. లేవగానే బాల్కనీలోనో డాబా మీదో పది నిమిషాలు వెలుతురులో నిలబడండి, శరీరం గడియారం కుదురుకోవడానికి అంతకన్నా చవకైన మందు లేదు.

పడుకునే ముందు ఇంకో పని. రేపు చేయాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసేయండి: ఆఫీసులో ఎవరికి ఫోన్ చేయాలి, కరెంటు బిల్లు, రేపు ఏ చాప్టర్. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, నిద్రకి ముందు ఐదు నిమిషాలు రాబోయే పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. నాకైతే రాత్రి పూట బుర్రలో తిరిగే టెన్షన్ సగం ఆ కాగితం మీదకి దిగిపోయేది.

ఇక అసలు గంట. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర వరకు అనుకుందాం. అందులో ఏం చదవాలన్నదే ముఖ్యం. చాలామంది ఆ బంగారం లాంటి గంటని న్యూస్ పేపర్‌కి ఇచ్చేస్తారు, నాకిది అసలు నచ్చదు. పేపర్ మధ్యాహ్నం మగతలో కూడా చదవొచ్చు. ఉదయం గంటలో మీకు ఏది భయమో అది పెట్టుకోండి. పేపర్-3 ఎకానమీలో లెక్కలూ పథకాలూ కలిసిపోయే చోటు కావచ్చు, పేపర్-1లో రీజనింగ్ కావచ్చు. ఒకే సబ్జెక్టు, ఒకే పుస్తకం. బల్ల మీద ఇంకో పుస్తకం ఉండకూడదు.

గంట అయ్యాక పుస్తకం మూసే ముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక ప్రశ్న రూపంలో రాసి పెట్టండి. "అధ్యాయం 4 చదవాలి" అని రాస్తే మర్నాడు దాన్ని చూడగానే బద్ధకం వేస్తుంది. "ద్రవ్యోల్బణం పెరిగితే అప్పు ఇచ్చినవాడికి లాభమా, తీసుకున్నవాడికి లాభమా?" అని రాస్తే కూర్చోగానే చెయ్యి దానంతటదే కదులుతుంది. మొదలుపెట్టడమే కష్టం, మొదలైతే బండి నడుస్తుంది.

మెట్రో ప్రయాణం పోనూ రానూ కలిపి రోజుకి దాదాపు రెండు గంటలు. అమీర్‌పేట దగ్గర తోపులాటలో పుస్తకం తెరవడం అయ్యే పని కాదు. నేను పాత విజిటింగ్ కార్డుల సైజులో కాగితాలు కోసి, ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాసుకునేవాణ్ని. కోచింగ్ వాళ్ల బిట్లు కాదు, పొద్దున చదివిన దాంట్లోంచి నేనే తయారు చేసుకున్న బిట్లు. జవాబు చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి, రాకపోతే తిప్పి చూడాలి. ఇది మళ్లీ మళ్లీ చదవడం కన్నా బాగా పనిచేస్తుంది. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని చూపించారు. చదివిన ఐదు నిమిషాలకే అడిగితే, తిరిగి తిరిగి చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, తమని తాము పరీక్షించుకున్నవాళ్లకి ఎక్కువ గుర్తుంది. మనకి కావలసింది వారం తర్వాతి సంగతే కదా. పైగా చేతిలో కాగితాలుంటే ఫోన్ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

మధ్యాహ్నం నీరసానికి వస్తే, గడియారం వల్ల వచ్చేదాన్ని ఆపలేం కానీ పళ్లెం వల్ల వచ్చేదాన్ని తగ్గించొచ్చు. మెస్‌లో భోజనం ఎలా ఉంటుందో తెలుసు కదా, కొండంత తెల్లన్నం, పక్కన నీళ్ల సాంబారు, ఒక చెంచా కూర. అన్నం మానమని నేను చెప్పను, అది జరిగే పనీ కాదు. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర, గుడ్డు, పెరుగు పెంచండి. కూరతో మొదలుపెట్టి తింటే అన్నం దానంతటదే తగ్గుతుంది. ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లగలిగితే జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టుకోండి. తిన్నాక కుర్చీలో కూలబడకుండా పది నిమిషాలు ఆఫీసు చుట్టూ నడవండి. ఎక్కడైనా మూల దొరికితే ఇరవై నిమిషాల కునుకు మంచిదే, అలారం పెట్టుకుని. గంట పడుకుంటే గాఢ నిద్రలోంచి లేచి ఇంకాసేపు మొద్దుగానే ఉంటారు.

టీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఆఫీసుల్లో చదివేవాళ్లంతా టీ మీదే బతుకుతారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని అందులో ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందట. లెక్క వేసుకోండి, ఇరానీ హోటల్ దగ్గర ఫ్రెండ్స్‌తో నిలబడితే రోజుకి ఎన్ని అవుతాయో. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగొద్దని కూడా చెప్పారు. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుముని శరీరానికి సరిగ్గా అందనివ్వవు. తినగానే టీ తాగే అలవాటు మనలో ఎంతమందికి ఉందో చెప్పక్కర్లేదు. ఇంకోటి, తాగిన కెఫీన్‌లో సగం శరీరంలోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి పదకొండింటికి ఇంకా సగం లోపలే ఉంటుంది. మూడు దాటాక టీ మానేశాకే నాకు రాత్రి నిద్ర దారిలో పడింది.

ఇన్ని చేసినా నెలా రెండు నెలలకి నీరసం తగ్గకపోతే డాక్టరుని కలవండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరమా అని అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, మగవాళ్లలో కూడా నాలుగో వంతు మందికి. రక్తం తక్కువైనవాళ్లని బద్ధకస్తులు అనడం మన ఇళ్లలో మామూలే. మీరు అక్క అయినా తమ్ముడు అయినా ఇది చూసుకోవలసిందే.

ఫోన్ విషయంలో మనకున్న చిక్కు వేరు. ఫోన్ కేవలం కాలక్షేపమైతే పక్కన పెట్టడం తేలిక. మన ప్రిపరేషన్ కూడా దాంట్లోనే ఉంది: టెలిగ్రామ్ గ్రూపులు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, యూట్యూబ్ క్లాసులు. "నోటిఫికేషన్ ఎప్పుడు?" అనే పుకార్లు గంటకొకటి. పీడీఎఫ్ కోసమని తెరుస్తాం, అరగంట తర్వాత ఏదో రీల్ దగ్గర తేలతాం. అందుకే కావలసినవి వారానికొకసారి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. గ్రూపులన్నిటినీ మ్యూట్ చేసి, రాత్రి భోజనం తర్వాత ఒక్కసారి చూడండి. నిజమైన నోటిఫికేషన్ అయితే పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. నాలుగు గంటలు ఆలస్యంగా తెలిసినంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోలేదు.

"ఒక్క నిమిషం చూసి పెట్టేస్తాను" అనేది ఎందుకు కుదరదో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే, మన ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. మెసేజ్ చూసింది నిమిషమే అయినా, పుస్తకం దగ్గరకి మనసు మొత్తం వెంటనే తిరిగి రాదు. చదివే గంటలో ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఒకే గది అయితే వంటింటి అల్మారాలో పెట్టండి. ఇంట్లోవాళ్లకి "ఈ గంట దొరకను" అని చెప్పేయండి. మా అమ్మ మొదట్లో కోప్పడింది, తర్వాత ఏడున్నర దాటాకే ఫోన్ చేయడం అలవాటు చేసుకుంది.

రాత్రి ఎనిమిది తర్వాత కొత్త విషయం చదవాలని పట్టు పట్టకండి. మెట్రోలో తప్పిన బిట్లు ఒకసారి చూసుకోవడం, పేపర్లో వచ్చినవి నోట్స్‌లో ఎక్కించడం, అంతే. రాత్రి నాలుగు గంటలు చదివినట్టు కూర్చునే బదులు నలభై నిమిషాలు ఇది చేసి పడుకోవడం నయం.

ఆదివారం మాత్రం వేరే లెక్క. ఇంట్లో కుదరకపోతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. ఉప్పల్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కి మారితే చిక్కడపల్లిలోనే దిగొచ్చు. చుట్టూ వంద మంది తల వంచుకుని చదువుతుంటే మనకీ తల ఎత్తబుద్ధి కాదు. కాకపోతే బయట టీ కొట్టు చర్చల్లో పడితే మాత్రం లైబ్రరీకి వెళ్లీ వెళ్లనట్టే.

ఆదివారం ఇంకో పని తప్పకుండా చేయాలి. 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగిన గ్రూప్-2లో రోజుకి రెండు పేపర్లు: ఉదయం 10 నుంచి 12.30, మధ్యాహ్నం 3 నుంచి 5.30. ఒక్కో దాంట్లో 150 ప్రశ్నలు. అంటే మనకి నిద్ర వచ్చే టైము ఇంకా దాటకముందే రెండో పేపర్ మొదలు! రోజూ ఆ గంటల్లో తేలికపాటి పని చేయమన్నాను కదా, ఆదివారం దానికి మినహాయింపు. ఉదయం ఒక మాక్ టెస్ట్, కొంచెమే భోజనం, పావుగంట కునుకు, మూడింటికి రెండో టెస్ట్. ఏం తింటే మూడింటికి తల పనిచేస్తుందో ముందే తెలిసిపోతుంది. నాకు పెరుగన్నం పనికిరాలేదు, రెండు ఇడ్లీలూ ఒక అరటిపండూ సరిపోయాయి. మీకు ఇంకోటి కావచ్చు.

అలవాటు ఎన్నాళ్లకి పడుతుందని అడిగారు. 21 రోజులు అని వాట్సాప్‌లో తిరిగేది పట్టించుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చూసినప్పుడు, సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజుల్లోనే, ఇంకొందరికి 254 దాకా అని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. ఊళ్లో పెళ్లికి వెళ్లి రెండు రోజులు పోయాయనుకోండి, "మళ్లీ సోమవారం నుంచి" అనకుండా తిరిగొచ్చిన మర్నాడే ఆ గంట కూర్చోండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి కూడా. మొదటి నెల పడుకునే టైమూ, ఉదయం గంటా చాలు.

యాప్ అడిగారు. ఫోన్‌కి దూరంగా ఉండటానికి ఫోన్‌లోనే ఇంకో యాప్ ఎందుకు? నా సలహా, ఏ గడియారాల కొట్లోనో దొరికే బ్యాటరీ అలారం గడియారం ఒకటి కొనండి. లేవడానికీ అదే, గంట కొలుచుకోవడానికీ అదే. తప్పదు, ఫోన్‌లోనే కావాలి అంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ముందే ఉంటుంది, అందులో రీల్స్ యాప్‌కి రోజుకి ఇరవై నిమిషాల హద్దు పెట్టుకోండి, డబ్బు కట్టి ఏదీ కొనకండి.