ఇంటిపేరు చూసి ఓటెయ్యొచ్చా?

ప్రశ్న: మామగారు "ఆ ఇంటి మొహం చూసి వేద్దాం" అంటున్నారు. మా అబ్బాయేమో పేరు, వంశం చూడటమే తప్పంటాడు. ఎవరి మాట సరైనది?
– పాలకొల్లు నుంచి ఒక గృహిణి

జవాబు: మన పక్కనే ఉన్న అమలాపురం లోక్‌సభ సీటు సంగతి చూడండి. యెదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1991లో అక్కడ గెలిచారు, 1996లో ఓడారు, 1998లో మళ్లీ గెలిచి స్పీకరయ్యారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయాక, ఉపఎన్నికలో ఆయన భార్య గెలిచారు. కొడుకు 2019లో ఓడి, 2024లో గెలిచారు. పేరు టికెట్ దాకా తీసుకొస్తుంది, కాదనలేం. ఆ తర్వాత అదే పేరు ఓసారి గెలిచింది, ఓసారి ఓడింది. కాబట్టి మామగారనుకున్నంత బలం అందులో లేదు.

అలాగని మీ అబ్బాయి మాటా పూర్తిగా ఒప్పుకోలేం. ఒకే ఇంట్లో పదిహేనేళ్లు పదవి ఉందంటే, ఆ పదిహేనేళ్ల లెక్క అడగడానికి వీలుంటుంది. డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎన్నిసార్లు తీయించారు? కాలువ శివారు చేలకు నీరు ఏ నెలలో అందింది? ఇవి ఆ ఇంటి మనిషినే అడగాలి. వాళ్ల తాత మంచితనం గురించి చెబితే మాత్రం, విని ఊరుకోండి.

ప్రశ్న: మా నియోజకవర్గంలో ఒకే పేరుతో ముగ్గురు నామినేషన్ వేశారు. ఇది కావాలని చేసేదేనా? పొరపాటున వేరేవాళ్లకు ఓటు పడకుండా ఏం చేయాలి?
– రాజోలు

జవాబు: అన్నవరం స్వామి దయవల్ల మన జిల్లాల్లో సత్యనారాయణలకు కొదవ లేదు. ముగ్గురూ నిజంగానే వేరువేరు మనుషులు కావచ్చు. కావాలని దింపినా, ఒకే పేరున్నందుకు నామినేషన్ కొట్టేసే అధికారం చట్టం ఎవరికీ ఇవ్వలేదు. 2024 మేలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో జోక్యం చేసుకోలేదు. నష్టం మాత్రం ఊహ కాదు. 2004లో కేరళలోని అలప్పుళలో వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్లతో ఓడిపోతే, వి.ఎస్. సుధీరన్ అనే స్వతంత్రుడికి 8,282 ఓట్లు పడ్డాయి.

మెషీన్ మీద వరుస ఎలా వస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ముందు గుర్తింపు పొందిన పార్టీల వాళ్లు, తర్వాత రిజిస్టరయినా గుర్తింపు లేని పార్టీల వాళ్లు, చివర స్వతంత్రులు. ఒక్కో గుంపులో పేర్లు తెలుగు అక్షరక్రమంలో ఉంటాయి. ఇక్కడే ఇంటిపేరుకు పనిపడుతుంది. అభ్యర్థి ఇంటిపేరు పూర్తిగా ముందు రాస్తే దాని మొదటి అక్షరమే లెక్క. పొడి అక్షరం మాత్రమే పెడితే దాన్ని వదిలేసి అసలు పేరు చూస్తారు. 'అ'తో మొదలయ్యే ఇంటిపేరున్న సత్యనారాయణ దాన్ని పూర్తిగా రాసుకుంటే పైకొస్తాడు, 'ఎ.' అని పెట్టుకుంటే 'స' దగ్గరికి దిగిపోతాడు. డాక్టర్ లాంటి బిరుదులు వరుసను మార్చవు. జనం పిలిచే పేరు వేరే ఉంటే, పోటీలో ఉన్నవారి జాబితా తయారయ్యేలోపు రిటర్నింగ్ అధికారికి రాసిచ్చి మార్పించుకోవచ్చు. పేర్లు అచ్చంగా ఒకటే అయితే వృత్తో, ఊరో జతచేసి తేడా చూపించాలి.

మీరు చేయాల్సింది చిన్న పనే. పేరు కంటే ముందు ఫొటో, గుర్తు చూడండి. 2015 మే నుంచి బ్యాలెట్ మీద ఫొటో ఉంటోంది. ఒక్కో యూనిట్‌లో 16 గడులే. నోటాతో కలిపి అంతకు మించితే రెండో యూనిట్ పెడతారు, అదీ చూడండి. పెద్దవాళ్లకు పేరు చెప్పి పంపకండి, గుర్తు చూపించి పంపండి.

ప్రశ్న: "మనోడు కాబట్టి వేయండి" అని కులం పేరు చెప్పి బాహాటంగానే అడుగుతున్నారు. ఇది నేరం కాదా?
– భీమవరం

జవాబు: మీరు మీ మనసులో ఏమనుకుని వేసినా ఎవరూ అడగరు. అభ్యర్థో, ఆయన ఏజెంటో అలా అడిగితే మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. అభ్యర్థి కులమైనా, ఓటరు కులమైనా ఒకటేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4–3 తేడాతో చెప్పింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు, ఆ గెలుపు చెల్లదంటూ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, ఓటరైనా వేయొచ్చు. చాలా పిటిషన్లు సాక్ష్యం దగ్గరే నిలవవు. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ మాట అన్నారో వీడియోతో సహా ఉండాలి. "అందరికీ తెలుసండీ" అంటే కోర్టు వినదు.

ప్రశ్న: అభ్యర్థి నేపథ్యం తెలుసుకోవాలంటే సామాన్యుడికి దారేది?
– అమలాపురం, డిగ్రీ విద్యార్థి

జవాబు: ఫారం 26 అఫిడవిట్. నామినేషన్‌తో పాటు అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసుల గురించి ప్రమాణం చేసి ఇచ్చే పత్రం ఇది. ఎన్నికల సంఘం సైట్‌లో దొరుకుతుంది. ఐదేళ్ల కిందటి ఎన్నికప్పుడు వేసిందీ దించుకుని పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కటే చదివితే పెద్దగా తెలిసేదేం ఉండదు.

భూముల పట్టికలో సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి విలువ ఉంటాయి. చాలామంది మొత్తం విలువ రెట్టింపైందని గగ్గోలు పెడతారు. తాతలనాటి కొబ్బరితోట ధర పెరిగితే అది ఆయన సంపాదన కాదు. చూడాల్సింది కొత్తగా వచ్చిన సర్వే నంబర్లు, వాటి కొన్న తేదీలు. వాటిని మీభూమి సైట్‌లో అడంగల్‌తో, అంటే ఊరి భూముల రికార్డుతో పోల్చుకోండి. ఆదాయం గడిలో ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల అంకెలుంటాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రైతుకు ఆ అంకె చిన్నదిగా కనబడటం వింతేం కాదు. వ్యవసాయం లేని మనిషి అంత చిన్న అంకెతో ఖరీదైన స్థలాలు ఎలా కొన్నారన్నది అడగాల్సిన ప్రశ్న. అప్పుల పట్టిక, ప్రభుత్వ కాంట్రాక్టుల గడి కూడా వదలకండి.

కేసుల దగ్గర సంఖ్య కన్నా సెక్షన్ ముఖ్యం. రాస్తారోకోలో కూర్చున్నందుకు పెట్టిన ఐపీసీ 188 వేరు, మోసానికి పెట్టిన 420 వేరు. 2024 జులై 1 తర్వాతి కేసులైతే, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 223, 318గా కనిపిస్తాయి. కేసులున్న వ్యక్తికి టికెట్ ఇస్తే ఎందుకిచ్చారో పార్టీ కారణం ప్రకటించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. "గెలుస్తాడు కాబట్టి" అన్నది కారణంగా చెల్లదనీ చెప్పింది. ఆ ప్రకటన చదవండి, కొన్ని చదువుతుంటే నవ్వొస్తుంది.

గడి ఖాళీగా వదలకూడదు, 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలని 2013లోనే తీర్పుంది. తప్పుడు వివరం ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు. మీ దగ్గర ఆధారం ఉంటే రిటర్నింగ్ అధికారికి ఎదురు అఫిడవిట్ ఇవ్వొచ్చు. నామినేషన్ల పరిశీలన రోజు దాకా ఆగకండి, ముందే ఇవ్వండి.