డీవీడీ కాపీలో మాటలు వినబడట్లేదు!

ప్రశ్న: నా దగ్గరున్న పాత డీవీడీని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేశానండీ, బొమ్మ బానే ఉంది కానీ మ్యూజిక్ గట్టిగా వస్తూ మాటలు మాత్రం గొణిగినట్టున్నాయి. డిస్క్ పాడైందా?

జవాబు: డిస్క్ జోలికి పోకండి, అది బానే ఉండుంటుంది. చాలా డీవీడీల్లో సౌండ్ 5.1లో, అంటే ఆరు ఛానెళ్లలో ఉంటుంది, అందులో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లోనే ఉంటాయి, మనం వినేదేమో రెండు స్పీకర్లలో, ఆ కలపడంలో మాటలు వెనక్కి పోతాయన్నమాట. హ్యాండ్‌బ్రేక్ ఆడియో ట్యాబ్‌లో మిక్స్‌డౌన్‌ని (ఛానెళ్లను కలిపే పద్ధతి) స్టీరియో పెట్టి, డీఆర్‌సీ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) 1.5 నుంచి 2.5 మధ్య ఉంచండి, చిన్న శబ్దాలు పైకొస్తాయి. అప్పటికీ చాలకపోతే గెయిన్ (మొత్తం సౌండ్ స్థాయి) ఒక 5, 6 డెసిబెల్స్ పెంచండి, మరీ పెంచితే సౌండ్ పగిలిపోతుంది. సినిమా మొత్తం చేసి కూర్చోకుండా ముందు ఒక్క చాప్టర్ చేసి వినండి.

అసలు సౌండే రాకపోతే? ట్రాక్ సెలెక్ట్ అయిందో లేదో చూడండి. ఏసీ3 పాస్‌త్రూ (డీవీడీలోని డాల్బీ సౌండ్‌ని మార్చకుండా అలాగే ఉంచడం) పెట్టుంటే కొన్ని ఫోన్లు, టీవీలు దాన్ని ప్లే చేయవు, ఏఏసీ అనే ఆడియో ఫార్మాట్‌కి మార్చి మళ్ళీ చేయండి.