పురుగులు లెక్కపెట్టడానికి అడవికి వెళ్తానంటోంది... పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉంది. ఉష్ణమండల అడవుల్లో కీటకాలు, వన్యప్రాణుల వైవిధ్యం మీద సర్వేలు చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఏఐతో వన్యప్రాణుల్ని గమనించే కోర్సులు, డేటా సైన్స్ వైపు వెళ్లమని మేం చెబుతున్నాం. ఇప్పుడు డిమాండ్ అంతా దానికే కదా! రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. అడవిలో ఆడపిల్లకు భద్రత ఉంటుందా? నలుగురూ అడిగితే మా అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలి? – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో పావు వంతే పైన వేశాం. పూర్తి ఉత్తరంలో ‘డిమాండ్’ అన్న మాట నాలుగు చోట్ల ఉంది. మీ అమ్మాయికి ఏ పురుగంటే ఇష్టమో మాత్రం ఒక్కచోటా లేదు. ఈ సంగతి చివర్లో మళ్లీ ఎత్తుతాను.

ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదండీ. పురుగుల బదులు ఒకరు పక్షులంటారు, ఇంకొకరు కప్పలంటారు. పైకి అడిగేది కోర్సుల పోలిక. లోపల నలిగేది వేరు: ముప్పై ఏళ్లు వచ్చేసరికి నా బిడ్డ ఎటూ కాకుండా మిగిలిపోతుందేమో అని. పోలిక సంగతి తర్వాత, ముందు ఆ భయం గురించి మాట్లాడుకుందాం.

సర్వే అనగానే మీ కళ్ల ముందు జీపు, బైనాక్యులర్, పొదల్లో పులి మెదిలి ఉంటాయి. అసలు పనిలో అడవి వాటా తక్కువే. పనామాలోని శాన్ లోరెంజో అడవిలో 2003, 2004లలో ఒక బృందం కీటకాలు, సాలెపురుగుల వంటి కీళ్లకాళ్ల జీవులన్నిటినీ లెక్కకు తీసుకుంది. నేల మీది ఆకుచెత్త మొదలు చిటారు కొమ్మల దాకా, క్రేన్ ఎక్కి మరీ వెతికారు. అంతా కలిపి వాళ్లు వెతికింది 0.48 హెక్టారు. మన లెక్కలో ఎకరం ఇరవై సెంట్లు కూడా లేదు. అందులో 6,144 జాతులు దొరికాయి. 6,000 హెక్టార్ల ఆ అడవి మొత్తం మీద సుమారు 25,000 జాతులు ఉండొచ్చని అంచనా కట్టారు. ఫలితాలు అచ్చయింది 2012లో! మధ్యలో అన్నేళ్లు ఏం చేశారంటారా? ఆల్కహాల్ సీసాల్లోంచి పురుగుల్ని ఒక్కొక్కటిగా తీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, ఇది నిన్న చూసినదేనా, వేరేదా అని తేల్చుకుంటూ కూర్చున్నారు. వందమందికి పైగా పరిశోధకులు పాలుపంచుకుంటేనే అంత కాలం పట్టింది.

కాబట్టి మీ అమ్మాయి ఈ దారిలోకి వస్తే ఏడాదిలో కొన్ని వారాలు అడవిలో ఉంటుంది. మిగతా నెలలన్నీ బల్ల ముందే. టెంట్ ఆకారంలో ఉండే మలేజ్ ట్రాప్‌ను ఒక్కటి, ఒక్క వారం అడవిలో వదిలితే చాలు, నెలల తరబడి తరగని పని సీసాలో పడుతుంది. అందులో ఎక్కువ భాగం ఈగలు, దోమల్లాంటి సన్నటి పురుగులు, కందిరీగల బంధువులు. రంగురంగుల సీతాకోకచిలుకల కోసం వచ్చినవాళ్లు మొదటి సీసాకే నీరుగారిపోతారు. ఆ సీసాను చూసి ఉత్సాహపడే పిల్లలు చాలా అరుదు, అలాంటివాళ్లు ఖాళీగా మిగిలిపోవడం నేనైతే చూడలేదు.

ఎందుకంటే పని కొండలా ఉంది, చేసే చేతులు తక్కువ. ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటక జాతులు సుమారు పది లక్షలు. మొత్తం ఎన్ని ఉంటాయన్న అంచనాలు ఇటీవల 55 లక్షల చుట్టూ తిరుగుతున్నాయి. పనామాలోనే ఒకే జాతికి చెందిన 19 చెట్లకు పొగమందు కొట్టి, రాలిపడిన పెంకుపురుగుల ఆధారంగా కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ 1982లో మూడు కోట్ల జాతులని అంచనా కడితే శాస్త్రలోకం ఉలిక్కిపడింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ అంకెను బాగా తగ్గించారు. తగ్గించినా సరే, పేరు లేనివి పేరున్న వాటికి కొన్ని రెట్లు ఉన్నాయి.

‘పేరు పెడితే ఎవరికి లాభం?’ అని మీరు అడక్కపోయినా ఉత్తరంలో వినిపించింది. 1970లలో ఆఫ్రికాలో కర్రపెండలం పంటను ఒక పిండినల్లి తుడిచిపెట్టసాగింది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిందని గుర్తించి, దాని సహజ శత్రువు కోసం అక్కడ వెతికారు. మొదట దొరికిన పిండినల్లి చూడటానికి అచ్చం అలాగే ఉంది గానీ జాతి వేరు. దాని శత్రువులు ఆఫ్రికాలో పనికిరాలేదు. అసలు జాతి 1981లో పరాగ్వేలో దొరికింది. దాని ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగ జాతి పురుగును ఆఫ్రికా పొలాల్లోకి వదిలాకే పంట తెరిపిన పడింది. ఆ కార్యక్రమాన్ని నడిపిన హాన్స్ హెర్రెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. రెండు పిండినల్లుల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టగలిగే మనిషి విలువ అప్పుడు తెలిసొచ్చింది. పంటల రక్షణ, ఓడరేవుల్లో సరుకు తనిఖీ, దోమల నియంత్రణ, మ్యూజియంలు, గనులకూ ఆనకట్టలకూ ముందు చేసే పర్యావరణ ప్రభావ మదింపు, వీటన్నిటికీ ఆ కన్నే కావాలి. అడవిలో నేర్చుకున్నది అడవికే పరిమితం కాదు.

ఇక మీరు ముచ్చటపడుతున్న రెండో దారి. దీనిమీద నాకు సందేహాలు చాలానే ఉన్నాయి. ముందే ఒప్పుకుంటాను, కొన్నేళ్ల క్రితం ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఈ హడావుడి చూసి నేనే అటు పంపాను. వాళ్లలో ఒకమ్మాయి తిరిగొచ్చి, ‘సార్, కోడ్ నాకంటే బాగా రాసేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. పురుగు తెలిసినవాళ్లే దొరకడం లేదు. అది ఎక్కడ నేర్పిస్తారు?’ అని అడిగింది.

ఆ సాంకేతికత బూటకమని అనడం లేదు. కదలికను పసిగట్టి తమంతట తామే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు అడవిలో పెట్టినప్పుడు గాలికి ఊగిన ఆకు, ఎండపొడ కూడా కెమెరాను ప్రేరేపించి వేలకు వేలు ఖాళీ ఫొటోలు తెస్తాయి. మెగాడిటెక్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ వాటిని పక్కకు తీసిపెడుతుంది. ఫొటోలో జంతువుందా, మనిషున్నాడా, వాహనముందా అన్నంతవరకు చెబుతుంది, జాతి పేరు చెప్పడం దాని పని కాదు. జాతి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్లూ వేరే ఉన్నాయి. అయితే ఒక అడవి ఫొటోలతో నేర్చుకున్నది ఇంకో అడవికి వెళ్లేసరికి తడబడుతుంది. పులి లాంటి జంతువు విషయంలో ఒడ్డున పడతాం, చారలను బట్టి ఒక్కో పులిని వేరుగా గుర్తుపట్టొచ్చు. వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరాలు పెట్టి పులుల సంఖ్యను అంచనా వేసింది ఆ చారల ఆధారంగానే. పురుగుల దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. చాలా పెంకుపురుగులు, రెక్కలపురుగుల (మాత్‌ల) జాతులను విడదీయాలంటే మగ పురుగు జననాంగాన్ని కోసి చూడాలి. అది ఏ ఫొటోలో కనిపిస్తుంది? పైగా యంత్రానికి నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు సరైన పేరు రాసిన నమూనాలు వేలకొద్దీ ఇవ్వాలి. పేరే లేని జాతికి ఏ పేరు రాస్తారు?

డీఎన్ఏలోని చిన్న ముక్కను చదివి జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ బార్‌కోడింగ్ ఉందిగా అంటారు. ఉంది, గొప్ప సాధనం. కోస్టారికాలోని గ్వానకాస్టేలో ఒకే జాతి అనుకున్న ఒక స్కిప్పర్ సీతాకోకచిలుకలో పది జాతులు దాగి ఉన్నాయని 2004లో తేల్చారు. ఆ పది అనే లెక్క మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి, అది వేరే సంగతి. అసలు ఆ ఫలితానికి అర్థం ఎలా వచ్చిందో చూడండి. జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ బృందం ఏళ్ల తరబడి గొంగళిపురుగుల్ని తెచ్చి పెంచి, ఏది ఏ ఆకు తింటుందో, దాని రంగులెలా ఉన్నాయో రాసిపెట్టుకుంది. డీఎన్ఏలో కనిపించిన తేడాలు ఆ పాత రాతలతో కలిశాయి. ఆ రాతల్లేకపోతే మిగిలేది ఉత్త అక్షరాల వరుసే. ఇంకో మాట, ఆ గొంగళిపురుగుల్ని సేకరించి పెంచినవాళ్లలో ఎక్కువమంది పెద్ద డిగ్రీలేవీ లేని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, శిక్షణ ఇచ్చి తయారుచేసిన పారాటాక్సానమిస్టులు.

నాకు ఇంకో బెంగ కూడా ఉంది. ఫొటోలు విడదీయడం, సీసాలు వేరుచేయడం కొత్తగా వచ్చిన పిల్లలు కన్ను దిద్దుకునే పని. అందులో ఫొటోల పనిని యంత్రం తీసేసుకుంది. కింది మెట్టు ఎక్కనివాళ్లు పై మెట్టు మీద నిలబడి, యంత్రం చెప్పింది తప్పని ఎలా పట్టుకుంటారు?

పోల్చమన్నారు కాబట్టి ముక్తసరిగా: ఏఐ దారిలో మొదటి జీతం ముందే వస్తుంది, పోటీ మాత్రం ప్రపంచంలోని ప్రోగ్రామర్లందరితో. సర్వే దారిలో ఎమ్మెస్సీ తర్వాత ఏడాది, రెండేళ్ల ప్రాజెక్టులు, మధ్యమధ్య ఖాళీలు, నిలకడైన ఉద్యోగానికి పీహెచ్‌డీ, ముప్పై దాటిన వయసు. ఆ ఖాళీ నెలల్లో ఇంటి అండ ఉంటే పిల్లలు నిలదొక్కుకుంటారు, లేకపోతే మంచివాళ్లు కూడా మధ్యలో వదిలేస్తారు. తీపి కబుర్లు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. మధ్యేమార్గం కావాలంటే గణాంకశాస్త్రం, ఆ లెక్కలకు వాడే ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష తప్పకుండా నేర్పించండి. పట్టుకున్నవాటిని బట్టి పట్టుకోనివి ఎన్నుంటాయో లెక్కగట్టడం ఈ వృత్తిలో సగం విద్య. అది పురుగు పక్కన ఉండాలి, పురుగు స్థానంలో కాదు.

భద్రత గురించి మీరు పులిని తలచుకుని భయపడుతున్నారు. అడవిలో తిరిగేవాళ్లను అడగండి, విరిగిపడే కొమ్మలు, పొంగిన వాగులు, బురదలో జారే వాహనాలు, దోమలు, గోమార్లు అంటారు. పాములున్నాయి, మోకాళ్ల దాకా బూట్లూ ఉన్నాయి. ఆడపిల్లలకు ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు: క్యాంపులోని మనుషులు. అందుకే బృందంలో చేరేముందు అమ్మాయినే ఈ ప్రశ్నలు అడగమనండి. ఒంటరిగా ఎవరినీ పంపరు కదా? శాటిలైట్ ఫోన్ ఉందా? ఆసుపత్రి ఎన్ని గంటల దూరం? ఆడవాళ్లకు విడిగా బస ఉందా? బృందనాయకుడి మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలే బృందంతో వెళ్లనివ్వకండి. డబ్బు కట్టించుకుని రెండు వారాలు అడవి తిప్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల జోలికీ పోవద్దు. పని వచ్చినవాళ్లకు డబ్బిస్తారు, వాళ్ల దగ్గర తీసుకోరు.

ఇప్పుడు మీకు నాలుగు మాటలు, కోపగించుకోకండి. మీ అమ్మాయి మూడేళ్లు జువాలజీ చదివింది. అది మీరు చేర్పించిన కోర్సేనని మీరే రాశారు. డాక్టరు సీటు రాకపోతే జువాలజీ, జువాలజీ అంటే ఇష్టం పుట్టాక డేటా సైన్స్! ప్రతిసారీ పక్కింటివాళ్లకు అర్థమయ్యే పేరు వెతుకుతున్నారు. నలుగురికీ ఏం చెప్పాలో తెలియకపోవడం మీ ఇబ్బంది, ఆమె కెరీర్ సమస్య కాదు. ‘అడవిలో ఏయే జీవులున్నాయో లెక్కతేలుస్తుంది’ అని చెప్పండి, సరిపోతుంది.

అమ్మాయికి ఒక పరీక్ష పెట్టండి. దగ్గర్లో కీటకాల ప్రయోగశాల ఉన్న కాలేజీలోనో మ్యూజియంలోనో అనుమతి అడిగి, ఒక ట్రాప్ సీసా తీసుకుని రెండు వారాలు రోజూ మైక్రోస్కోప్ ముందు కూర్చోమనండి. పదిహేనో రోజు కూడా వెళ్తానంటే ఇక ఆపకండి. మెడ పట్టేసింది, కళ్లు లాగుతున్నాయి, చాలంటే అదీ మంచిదే, రెండు వారాల్లో తేలిపోయింది.

ఆ రెండు వారాల తర్వాత మళ్లీ రాయండి. అయితే ఈసారి ఉత్తరం ఆమె రాయాలి. చీమలా, పేడపురుగులా, తూనీగలా, చీకట్లో దీపానికి వచ్చే రెక్కలపురుగులా, ఏ సమూహం దగ్గర చెయ్యి ఆగిందో చెప్పమనండి. చీమలైతే ఆకుచెత్త జల్లించడం నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పేడపురుగులైతే అడవిలో పెద్ద జంతువుల పరిస్థితి కూడా వాటిని బట్టి కొంత తెలుస్తుంది కాబట్టి వన్యప్రాణుల బృందాలతో కలిసి పనిచేయాలి. ఎవరి దగ్గర చేరాలన్నది ఆ ఒక్క పేరు మీదే ఆధారపడి ఉంది. అది తెలియకుండా నేను ఏ కోర్సు పేరు చెప్పినా చీకట్లో రాయి విసిరినట్టే.