‘ఇవ్వవచ్చు’ అంటే అనుమతా, సందేహమా?

సందేహం: కొత్త మందు క్లినికల్ ట్రయల్‌లో చేరేవారి కోసం అంగీకార పత్రం తెలుగులో రాస్తున్నాను. ‘మీకు మందు లేని మాత్ర ఇవ్వవచ్చు’, ‘మీకు గుండెపోటు వచ్చే అవకాశం 20 శాతం’ అని రాశాను. మొదటి వాక్యం చదివిన ఒక పెద్దాయన, ‘ఇవ్వండి, నన్నెందుకు అడుగుతారు?’ అన్నారు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ పెద్దాయన చదివిన తీరు కూడా సరైనదే. ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘రేపు వాన రావచ్చు’ అంటే సందేహం. ‘ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు వెళ్లవచ్చు’ అంటే వీలు. వానకు ఎవరూ అనుమతి ఇవ్వరు కనుక అక్కడ చిక్కు లేదు. ‘ఇవ్వడం’ మనిషి చేసే పని; అందుకే ‘ఇవ్వవచ్చు’ అనగానే అనుమతే ముందు స్ఫురిస్తుంది. వ్యతిరేకార్థంలో ఈ తికమక ఉండదు: ‘ఇవ్వకూడదు’ నిషేధం, ‘ఇవ్వకపోవచ్చు’ సందేహం.

అసలు ఆ మాత్రను ఎంచేది వైద్యుడు కాదు. కాబట్టి జరిగేదే రాయండి: ‘చేరినవారిలో సగం మందికి కొత్త మందు, మిగతా సగానికి మందు లేని మాత్ర అందుతాయి. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్లు కంప్యూటర్ తేలుస్తుంది. ట్రయల్ ముగిసేదాకా మీకూ తెలియదు, మీ వైద్యుడికీ తెలియదు.’ (మీ ట్రయల్‌లో పంపకం సగం సగం కాకపోతే ఆ లెక్కే వేయండి.)

రెండో వాక్యంలో ‘అవకాశం’ బదులు ‘ముప్పు’ అనండి, గుండెపోటుకు అవకాశమేమిటి? అంతకంటే ‘మీకు’ అన్న మాట నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఈ అంచనాలు ఒక్క మనిషి గురించి పుట్టినవి కావు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలుపెట్టి, ఎవరికి గుండెజబ్బు వచ్చిందో ఏళ్ల తరబడి గమనించారు. ఇలాంటి లెక్కలకు ఆ అధ్యయనమే పునాది. అందుకని ఇలా రాయండి: ‘మీ వయసు, మీలాంటి రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు ఉన్న 100 మందిలో రాబోయే పదేళ్లలో సుమారు 20 మందికి గుండెపోటు వస్తుందని అంచనా. ఆ 20 మందిలో మీరుంటారో లేదో ఎవరూ చెప్పలేరు.’ వాక్యం పొడవైతే కానివ్వండి. పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే అంగీకారం తీసుకోవాలని క్లినికల్ ట్రయల్స్‌పై 2019 నాటి మన దేశ నియమాలు కూడా చెబుతున్నాయి.

పత్రంలో ‘ముప్పు సగానికి తగ్గుతుంది’ అని ఉంటే దాన్నీ మార్చండి. నూటికి 20 మంది 10 అయినా సగమే, ఇద్దరు ఒక్కరైనా సగమే. మందుకు ముందెందరు, తర్వాత ఎందరు అన్నది పక్కపక్కనే రాయండి.