వేసవిలో సిలికా గోళాలు ఎందుకు చిన్నవయ్యాయి?

నమస్కారం. జనవరిలో 400 నానోమీటర్లు ఉన్న సిలికా గోళాలు అవే పాళ్లతో చేసినా మే నెలలో 200కు పడిపోయాయనీ, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో పరమాణువుల అమరికను చూసే పరీక్షలో) పదునైన శిఖరం ఒక్కటీ లేదనీ రాశారు.

రెండో సంగతికి దిగులు పడకండి. 22 డిగ్రీల కోణం (2θ) దగ్గర కనిపించే ఆ వెడల్పాటి మూపురమే మీకు కావలసింది. మీ గోళాలు అస్ఫటిక సిలికా, అందులో పరమాణువుల వరుస ఎంతో దూరం సాగదు. పదునైన శిఖరాలు వస్తేనే అనుమానించాలి.

అసలు చిక్కు అమ్మోనియా సీసాలో ఉందని నా నమ్మకం. 1968లో స్టోబర్, ఫింక్, బోన్ ప్రచురించిన, అమ్మోనియాతో సిలికా గోళాలు చేసే ఈ పద్ధతిలో అమ్మోనియా తగ్గితే గోళాలు చిన్నవవుతాయి, గది వేడెక్కినా అంతే. మే నెలలో మీకు రెండూ కలిసివచ్చాయి. నాకూ ఒక వేసవిలో ఇలాగే జరిగింది. పదే పదే మూత తీసిన సీసాలోని ద్రావణాన్ని ఆమ్లంతో టైట్రేషన్ చేసి చూస్తే, లేబుల్ మీద రాసినదానికంటే గాఢత చాలా తక్కువగా తేలింది. ఆ రోజు నుంచి కొత్త సీసా రాగానే చిన్న సీసాల్లోకి పంచి, బిగించి, చల్లగా దాస్తున్నాను. మీరూ అలాగే చేసి, ఫ్లాస్కును 25 డిగ్రీల నీటి తొట్టిలో నిలపండి.

టీఈఓఎస్‌లో (గోళాలకు సిలికాను అందించే ద్రవంలో) తెల్లటి మడ్డి కనిపిస్తే వాడవద్దు. కడిగిన గోళాలను ఓవెన్‌లో ఎండబెడితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇథనాల్‌లోనే ఉంచండి. ఈసారి వచ్చిన కొలత తప్పకుండా ఇక్కడ రాయండి.