రాజీనామానా, తొలగింపా? ముందు ఆ కాగితం తెప్పించండి

ప్రశ్న: మావారు పోయాకే నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. మందులు వాడుతూ, పిల్లల్ని చదివించుకుంటూ, డ్వాక్రా గ్రామ సమాఖ్యకు అధ్యక్షురాలిగా పనిచేశాను. మాలాంటి ఆడవాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు నెలకు సరిపడా ఇవ్వకుండా పదేసి రోజులకే ఇస్తున్నారని కలెక్టర్‌ గారికి అర్జీ పెట్టాం. మా మాట నమ్మాలని సభ్యులందరి ఏఆర్‌టీ కార్డుల జిరాక్సులు జత చేశాం. ధర్నా చేశాం, మైకులో నేనూ మాట్లాడాను. ఆ నెలలోనే సమాఖ్య మీటింగ్ పెట్టి, 'నీకు ఒంట్లో బాగుండదు కదా, విశ్రాంతి తీసుకో' అంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని నన్ను దించేశారు. ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో దేవుడికే తెలుసు. సర్పంచ్‌గా పోటీ చేద్దామంటే 'ఈ రోగం ఉన్నవాళ్లకు కుదరదు' అంటున్నారు. ప్రెస్‌మీట్ పెట్టి, మేం ఎంతమందిమో పేర్లతో సహా చెప్పేద్దామని మా సంఘంలో ఎక్కువమంది అంటున్నారు. మాకు న్యాయం జరిగే దారి చెప్పండి. (పేరు, ఊరు ప్రచురించవద్దు)

జవాబు: అమ్మా, ఎవరు ఏమన్నారో మీ ఉత్తరంలో పేజీల కొద్దీ రాశారు. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు నిలిచినా పోయినా దాని మీదే.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని 3వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఎవరికీ ప్రభుత్వ పదవిలో గాని, ప్రైవేటు పదవిలో గాని ఉండే అవకాశం, దానికి పోటీ చేసే అవకాశం లేకుండా చేయకూడదు. సమాఖ్య అధ్యక్ష పదవి ప్రభుత్వానిది కాదు కాబట్టి చట్టం వర్తించదని ఎవరైనా చెబితే నమ్మకండి. అంతవరకు చట్టం మీ వైపే ఉంది.

కానీ ఆ కాగితం రాజీనామా అయితే? మేం ఎవరినీ తీసేయలేదు, ఆమే ఆరోగ్యం బాగోలేక తప్పుకున్నారు, ఇదిగో సంతకం అంటారు. అప్పుడు మీ కన్నీళ్లకు కాదు, మీ సంతకానికి మీరు జవాబు చెప్పుకోవాలి. డ్వాక్రా లెక్కల పుస్తకాలు ఏళ్ల తరబడి రాయించిన మనిషి చదవకుండా ఎలా సంతకం పెట్టారమ్మా? అది తీర్మానమే అయితే, అందులో మీ ఆరోగ్యం ప్రస్తావన ఉంటే, వాళ్లే మీ చేతికి సాక్ష్యం రాసిచ్చినట్టు.

అందుకని ముందుగా ఆ రోజు మినిట్స్ పుస్తకంలోని పేజీ నకలు సంపాదించండి. మీటింగ్‌కు నోటీసు ఇచ్చారా, అజెండాలో మీ విషయం ఉందా, హాజరు సంతకాలు ఎన్ని, వాటిలో ఆ రోజు ఊళ్లో లేనివాళ్ల సంతకాలు ఏమైనా ఉన్నాయా చూడండి. మీ సంతకానికీ పై వాక్యానికీ మధ్య అక్షరాలు ఇరికించి రాసినట్టు, సిరా మారినట్టు కనిపిస్తే, నకలు తీసుకునే ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆర్‌టీఐ జోలికి వెళ్లకండి. సమాఖ్య ప్రభుత్వ సంస్థ కాదంటూ దాన్ని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. పదవి పోయింది గాని సభ్యత్వం పోలేదు కదా, సభ్యురాలి హక్కుగానే రాతపూర్వకంగా అడగండి. నకలు వచ్చేదాకా ఆగకుండా ఇంకో ఉత్తరం కూడా పంపండి: 'ఫలానా తేదీన నా చేత సంతకం చేయించుకున్న కాగితం నాకు చదివి వినిపించలేదు, నేను రాజీనామా చేయలేదు' అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆరు నెలల తర్వాత రాసే ఉత్తరానికి ఎవరో వకీలు రాయించినదన్న వాసన వస్తుంది.

మీ విషయం ఊరందరికీ తెలిసిపోయిందనే బాధే ఉత్తరంలో ఎక్కువ ఉంది. మైకులో మీకు మీరుగా చెప్పుకున్న మాటకు రహస్యం బయటపెట్టారన్న ఫిర్యాదు నిలవదు. వివక్ష ఫిర్యాదు మాత్రం నిలుస్తుంది. ఈ రెండూ వేరు. మొదటిది పోయింది కదా అని రెండోది వదులుకోకండి.

ఇక మిమ్మల్ని మందలించాల్సిన విషయం. ఆ జిరాక్సులు! అందరి పేర్లూ, కార్డు నంబర్లూ ఒక్క కట్టగా ఆఫీసు బల్లల మీదకు పంపించారు. 8వ సెక్షన్ ప్రకారం, నమ్మకంతో చెప్పిన ఇంకొకరి హెచ్‌ఐవీ సంగతి వారి సమ్మతి లేకుండా ఎవరూ బయటపెట్టకూడదు. సంఘం నాయకురాలిగా మీకు తెలిసిన సంగతులూ అలాంటివే. రేపు మీ సభ్యురాలే మీ మీద ఫిర్యాదు చేస్తే ఏం చెబుతారు? ఆ జతపత్రాలను సీలు వేసి వెనక్కి ఇవ్వమని, ఫైల్లో నకళ్లు ఉంచొద్దని కలెక్టర్‌ కార్యాలయానికి వెంటనే రాయండి. ప్రతి సభ్యురాలికీ జరిగింది చెప్పండి.

ఈ పరిస్థితిలో ప్రెస్‌మీట్ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఎక్కువమంది ఒప్పుకున్నారంటున్నారు. హెచ్‌ఐవీ విషయంలో మెజారిటీ తీర్మానం చెల్లదు. ఒక్కొక్కరి సమ్మతి విడివిడిగా, రాతలో ఉండాలి. వద్దన్న ఒక్క మనిషి పేరు బయటికొచ్చినా మీరు పెట్టబోయే కేసు మీ మీదకే తిరుగుతుంది. మాట్లాడాలనుకున్నవాళ్లు తమ గురించి మాత్రమే మాట్లాడవచ్చు, అది వాళ్ల హక్కు.

మందుల విషయంలో బలమైన సాక్ష్యం పేర్లు కాదు, తేదీలు. ఏ రోజు ఎన్ని మాత్రలు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నది మీ ఏఆర్‌టీ పుస్తకాల్లోనే ఉంటుంది. పేరు, నంబరు కప్పి ఆ పేజీలు ఫొటో తీయండి. సభ్యులకు ఒకటి, రెండు అని అంకెలు ఇచ్చి పట్టిక వేయండి. 14వ సెక్షన్ ఏఆర్‌టీ మందులు అందించే చర్యలు తీసుకోమంటూనే 'వీలైనంత వరకు' అని ఒక మాట కలిపింది. ఆ మాట చాటున దాక్కోవడం అధికారులకు అలవాటే. వరుసగా కొన్ని నెలల తేదీల పట్టిక ముందు పెడితే ఆ చాటు పనిచేయదు. 2022లో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కార్యాలయం ముందు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు మందుల కొరత మీద నెల రోజులకు పైగా బైఠాయించారు. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ధర్నా వృథా అని నేను అనను. దానితోపాటు కాగితాలూ ఉండాలి.

ఫిర్యాదు ఎవరికి చేయాలి? పోలీసులకు కాదు. 3వ సెక్షన్ ఉల్లంఘనకు నేరుగా జైలుశిక్ష లేదు. అంబుడ్స్‌మన్‌కు, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారికి చేయాలి. ఆ అధికారిని రాష్ట్ర ప్రభుత్వమే నియమించాలి. మీ జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగంలో చిరునామా అడగండి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. వైద్యపరంగా అత్యవసరమైతే 24 గంటల్లోనే ఇవ్వడానికి చూడాలి. జరిగిన రోజు నుంచి మూడు నెలలు దాటనివ్వకుండా ఫిర్యాదు వేసేయండి. మీ ఉత్తరంలో మీటింగ్ తేదీ లేదు, కాబట్టి ఆ లెక్క మీరే వేసుకోవాలి. ఫిర్యాదు చేశాక మీపై కక్ష సాధిస్తే 40వ సెక్షన్ అడ్డుపడుతుంది. మీ సమాఖ్య పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 కింద రిజిస్టరైతే, అధ్యక్ష పదవి గొడవను సహకార ట్రిబ్యునల్ ముందూ పెట్టవచ్చు.

పోలీసుల దగ్గరికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం పుట్టేలా వాట్సాప్‌లో గాని, నోటిమాటగా గాని ఎవరైనా ప్రచారం చేస్తే అది 4వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మూడేళ్లలోపు కోర్టు విచారణకు తీసుకోవాలి. మెసేజ్ డిలీట్ చేసేలోగా నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫోన్‌ను భద్రంగా ఉంచండి.

సర్పంచ్ సంగతి సులువు. హెచ్‌ఐవీ అనర్హత కాదు, నామినేషన్‌లో ఆ వివరం రాయనక్కర్లేదు. ఎవరైనా అడిగితే చెప్పొద్దు. ఒకవేళ ఆ కారణంతో తిరస్కరిస్తే ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్నికల మధ్యలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేయాలి, దానికి గడువు నెల రోజులే అనుకుని సిద్ధంగా ఉండండి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు మినిట్స్ నకలు, స్పీడ్ పోస్టు రసీదు, తేదీల పట్టిక తీసుకెళ్లండి. ట్రిబ్యునల్‌కు గాని కోర్టుకు గాని వెళ్లాల్సి వస్తే, మారుపేరుతో విచారణ జరపాలని 34వ సెక్షన్ కింద అర్జీని కేసు వేసే రోజే, కేసు నంబరు పడకముందే పెట్టించండి. మీ అసలు పేరు ఒకసారి కాజ్ లిస్టులోకి (విచారణకు వచ్చే కేసుల జాబితాలోకి), కోర్టు వెబ్‌సైట్‌లోకి ఎక్కితే దాన్ని తీయించడానికి ఇంకో కేసంత పని.