‘గా’ కనబడగానే ‘లీ’ తగిలించకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ వంటింటి ఘట్టం నాకెంతో నచ్చింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ‘ద రసం టేస్టెడ్ సోర్లీ’ అని రాశావు. మనసులో ‘రసం పుల్లగా ఉంది’ అనుకున్నావు, ‘గా’ కనబడగానే ఇంగ్లీషులో ‘లీ’ తగిలించావు. ఏళ్ల తరబడి నేనూ అదే పని చేశాను.

మన ‘గా’ రెండు చోట్లా ఒదిగిపోతుంది. ‘గట్టిగా అరిచాడు’ అన్నప్పుడు అది అరవడం గురించి చెబుతోంది. ‘గోడ గట్టిగా ఉంది’ అన్నప్పుడు గోడ గురించి. ఇంగ్లీషుకి ఈ రెండూ వేరు. మొదటిది యాడ్వర్బ్, అంటే క్రియావిశేషణం: ‘లౌడ్లీ’. రెండోది యాడ్జెక్టివ్, విశేషణం: ‘స్ట్రాంగ్’. పులుపు రసానిది, కాబట్టి ‘టేస్టెడ్ సోర్’ అనాలి.

టేస్ట్, స్మెల్, లుక్, ఫీల్, సౌండ్ వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగు. ఆ క్రియ తీసేసి ‘వాజ్’ పెట్టి చూడు. ‘ద రసం వాజ్ సోర్’ అంటే వాక్యం నిలబడింది, అక్కడ విశేషణమే కావాలి. అదే అమ్మమ్మ గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని జాగ్రత్తగా రుచి చూసిందనుకో, ‘షీ టేస్టెడ్ ద రసం కేర్‌ఫుల్లీ’. క్రియ అదే, కానీ ఇప్పుడది అమ్మమ్మ చేసిన పని. ‘షీ వాజ్ ద రసం’ అని పెట్టి చూడు, వాక్యమే కూలిపోతుంది.

ఇంకోటి. కథతో పంపిన ఉత్తరంలో ‘ఐ వర్క్‌డ్ హార్డ్లీ’ అన్నావు. హార్డ్లీ అంటే ‘దాదాపు లేదు’ అని. ఎడిటర్ చదివితే నువ్వు కష్టపడనే లేదనుకుంటాడు. కష్టపడడానికి ‘హార్డ్’ చాలు, వేగానికి ‘ఫాస్ట్’ చాలు. ‘లేట్లీ’ అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య అని. ‘ఫ్రెండ్లీ’కి చివర లీ ఉన్నా అది విశేషణమే.

‘హాట్ హాట్ ఇడ్లీస్’ మాత్రం అమ్మమ్మ మాటల్లో ఉంచెయ్. వేడి వేడి ఇడ్లీ అనే మనిషి ఇంగ్లీషులోనూ అలాగే అంటుంది. కథ చెప్పే గొంతులో మాత్రం ‘స్టీమింగ్ ఇడ్లీస్’ అను.

చివరి పేజీలో తాతయ్య ‘వాక్‌డ్ స్లోలీ అండ్ టయర్డ్లీ’. తప్పేం లేదు, కానీ ఆ రెండు ‘లీ’ల బరువుకి తాతయ్య కనబడడం మానేశాడు. తెలుగులో అయితే ‘కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు’ అని రాసేదానివి. ఇంగ్లీషులో దానికి ‘ట్రడ్జ్‌డ్’ అని ఒక్క క్రియ ఉంది. అది పెట్టి ఆ పేజీ గట్టిగా చదువుకో. మార్చాక ఆ ఒక్క పేజీ నాకు పంపు, ఆదివారంలోగా చూస్తాను.

మీ మాస్టారు